క్లాంపు వెయ్యని రోజు

మా వైపు ఊళ్ళలో బోరింగు చెడిపోతే ముందు మెకానిక్కుని తిడతారు, కబురు ఆ తర్వాత పెడతారు. ముప్పై రెండేళ్ళు నరసన్నపేట చుట్టుపక్కల చేతిపంపులు బాగుచేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నేను గట్టిగా చెప్పగలను. ఒకసారి శ్రీకూర్మం వైపు ఒక ఊళ్ళో సామాను రావడం నాలుగు రోజులు ఆలస్యమైందని నన్నూ మా బావనీ బడి వరండాలో కూర్చోబెట్టి గేటుకి తాళం వేసేశారు. "నీల్లొచ్చీదాకా మీరిద్దరూ మా ఊరి అల్లుల్లే. ఎక్కడికీ ఎల్లక్కర్నేదు" అన్నాడు ఊరి పెద్ద. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం పెట్టారు. తిడుతూనే పెట్టారు.

బావ అన్నాను కానీ ఆయనకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. పాతికేళ్ళకు పైగా ఒకే పంపుకి అటూ ఇటూ నిలబడి పైపులు లాగాం. ఆ వరస అలా వచ్చేసింది.

తిట్లకి అలవాటుపడ్డ మనిషిని తిట్టకుండా వదిలేస్తే వాడి పరిస్థితి ఏమవుతుందో నాకు రిటైరయ్యాక తెలిసింది. నా పని మొత్తంలో అన్నిటికంటే పెద్ద తప్పు నేను రిటైరయ్యాకే చేశాను, అదీ జాంబియా వెళ్ళి మరీ చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు మోటార్లూ ట్యాంకులూ కొళాయిలూ ఉన్నాయి. చేతిపంపు అంటే పాత ఇనుప సామానుగా కనిపించవచ్చు. అయినా ఓపిక చేసుకుని చదవండి, ఎందుకంటే పని తెలిసినవాడి పొగరు మీ కాలంలోనూ ఉంటుంది.

రిటైరైన ఏడాదికి ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు మా పాత ఆఫీసుకి వచ్చి, ఆఫ్రికాలో మూడు వారాలు ఉండి చేతిపంపుల పని నేర్పించగల పాతకాలం మెకానిక్కులు ఎవరైనా ఉన్నారా అని అడిగారట. మన దగ్గర రోడ్డు పక్కన కనిపించే బోరింగే అక్కడి పల్లెల్లోనూ ఉంటుంది. అదే హ్యాండిలు, అదే గొలుసు, అదే కిర్రుమనే చప్పుడు. జీతం ఉండదు, తిండీ పడకా చూస్తారు. ఆఫీసువాళ్ళు నన్ను చూపించారు. నేను మారుమాట లేకుండా ఒప్పేసుకున్నాను. మా ఆవిడ మాత్రం, "పెరట్లో బోరింగు వాసరు అరిగిపోయి రెండేల్లైనాది. దాన్ని ఒగ్గీసి ఆఫ్రికా ఎల్తావేటి?" అంది. వెళ్ళే ముందురోజు ఆ వాషరు మార్చి, ఆవిడ చేత రెండు బిందెలు కొట్టించి చూపించాకే పెట్టె సర్దుకున్నాను.

రాజధానిలో వారం రోజులు ఉంచుకుని, తర్వాత దక్షిణం వైపు ఒక పల్లెకి పంపారు. అరవై ఇళ్ళుంటాయి. మట్టి గోడలు, గడ్డి కప్పులు, తెల్లారేసరికి చీపురు గీతలతో మెరిసే వాకిళ్ళు. నేల మా మెట్ట పొలాల్లాగే ఎర్రగా ఉంది. ఎండాకాలం, వానలకి ఇంకా రెండు నెలలు ఉంది. ఊరంతటికీ ఒకటే పంపు. అది పనిచేస్తోంది కూడా. నీళ్ళు కాస్త తక్కువ వస్తున్నాయంతే, బకెట్టు నిండడానికి ఎక్కువసేపు కొట్టాల్సి వస్తోంది. పైపులు పైకి లాగి, అడుగున సిలిండరులో తోలు వాషర్లు మార్చి, మళ్ళీ దించితే సరిపోతుంది. నరసన్నపేటలో అది ఒక పూట పని. అక్కడ నేను పది రోజులు ఉండాలి. మొదటిరోజే పంపు బాగుచేసేసి, మిగతా తొమ్మిది రోజులూ ఊరివాళ్ళకి పని నేర్పిస్తూ దర్జాగా గడపాలని అనుకున్నాను.

ఆ ఊళ్ళో నాకు ఇద్దరు దిక్కు. ఒకరు బడి మాస్టారు. నా ఇంగ్లీషుని వాళ్ళ భాషలోకీ, వాళ్ళ మాటల్ని ఇంగ్లీషులోకీ మార్చి చెప్పే ఓపిక ఆయనది. రెండోవారు ఆ పంపు బాగోగులు చూసే ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి, తలకి పసుపుపచ్చ గుడ్డ, చేతిలో ఎప్పుడూ గ్రీజు మరకల పాత బట్ట. పంపుని కనిపెట్టుకుని ఉండమని ఊరంతా కలిసి ఆవిడని ఎంచుకున్నారట. ఆవిడ నన్ను పిలిచే పిలుపుకి అర్థమేమిటని అడిగితే, తండ్రికి తమ్ముడు అని మాస్టారు చెప్పారు. అంటే చిన్నాన్న. ఆవిడ మాట్లాడేది వాళ్ళ భాష, మాస్టారు చెప్పేది ఇంగ్లీషు, నా చెవిలో పడేది మాత్రం మా శ్రీకాకుళం మాటే. అందుకని ఆవిడ మాటల్ని నాకు వినిపించినట్టే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్పాలి. బోరులో పైపులు సాకెట్టు అనే లావుపాటి ఇనుప కట్టులో మరలతో ఒకదానికొకటి బిగించి వేలాడుతుంటాయి. ఆ పంపుకి పన్నెండు పైపులు. పై పైపుని విప్పేటప్పుడు కిందవన్నీ బోరులోకి జారిపోకుండా పట్టి ఉంచడానికి క్లాంపు అని ఒక ఇనుప పట్టు ఉంటుంది. ముందు దాన్ని బిగించాలి, తర్వాత విప్పాలి. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి. మేం నరసన్నపేటలో ఇంకో పద్ధతి కనిపెట్టుకున్నాం. రోజుకి మూడు నాలుగు ఊళ్ళు తిరగాల్సినవాళ్ళకి పైపు పైపుకీ క్లాంపు బిగించి విప్పే తీరిక ఎక్కడిది? అందుకని నేనొక వైపు, బావ ఒక వైపు పెద్ద రెంచీలు వేసి, వాటిని పంపు దిమ్మ మీద ఆనించి పైపుని పట్టుకునేవాళ్ళం. మూడో మనిషి చకచకా విప్పేసేవాడు. అన్నేళ్ళలో ఒక్క పైపు జారలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. వాళ్ళు చూస్తున్నకొద్దీ మేం ఇంకా రెచ్చిపోయేవాళ్ళం.

ఆ పొద్దున పంపు చుట్టూ ఊరంతా చేరింది. బకెట్లు వరసలో పెట్టి ఆడవాళ్ళు, చెట్టు నీడన మగవాళ్ళు. ఆవిడ పనిముట్ల పెట్టె తెరిచి క్లాంపు తీసింది. నూనె పూసి దాచుకున్నట్టుంది, నిగనిగలాడుతోంది. దాన్ని బట్టతో ఇంకోసారి తుడిచి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"ముందిది ఎయ్యాల కదా, సిన్నాన్నా?"

"అక్కర్లేదమ్మా. మా నరసన్నపేట పద్ధతి చూద్దువుగాని" అన్నాను.

మాస్టారు దాన్ని ఎలా మార్చి చెప్పారో తెలియదు కానీ జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు. క్లాంపుని మళ్ళీ పెట్టెలో పెట్టకుండా అక్కడే ఉంచింది.

ఊళ్ళో గట్టి మనిషిని ఒకణ్ణి ఎంచుకుని రెంచీ ఇచ్చి అవతల నిలబెట్టాను. ఇవతల నేను, విప్పడానికి ఇంకో కుర్రాడు. రెండు పైపులు పూలదండ విప్పినట్టు వచ్చేశాయి. నేను జనం వైపు చూసి మీసం సవరించుకున్నాను కూడా. ఆ ప్రాంతం నీళ్ళు ఇనుముని తినేస్తాయని నాకు తెలియదు. పైపు పైకి గట్టిగానే కనిపిస్తుంది, ముట్టుకుంటే తుప్పు పెచ్చులుగా లేస్తుంది. మూడోది విప్పుతుండగా నా రెంచీ కింద పెచ్చు ఊడింది. రెంచీ జారింది. అంత బరువు అవతలి మనిషి ఒక్కడూ ఆపలేకపోయాడు.

పైపులు బోరులో పడే చప్పుడు మా పనివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ముందు గోడల్ని గీరుకుంటూ దిగే మోత, తర్వాత అడుగునుంచి ఒక దెబ్బ. పది పైపులు, సిలిండరు, లోపలి కమ్మీలు అన్నీ పోయాయి. కాస్త తక్కువగా నీళ్ళొచ్చే పంపు, నేను చెయ్యి పెట్టాక చుక్క నీరు రాని పంపు అయింది.

నేను చతికిలబడ్డాను. తల ఎత్తలేదు. తిట్లు మొదలవుతాయని చూస్తున్నాను. నిజం చెప్పాలంటే వాటి కోసమే ఎదురుచూశాను, ఎందుకంటే తిట్లు వస్తే ఏం చెయ్యాలో నాకు వచ్చు: తల వంచుకుని వినాలి, అవి అయిపోయాక లేచి పని మొదలుపెట్టాలి.

ఆవిడ వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. నా రెండు చేతులూ తీసుకుని తిప్పి తిప్పి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది.

"ఏల్లేటీ నలగనేదు కదా? పైపులు పోతే పోనాయి. సెయ్యి బాగున్నాది, అదే పదివేలు."

తర్వాత అవతలి మనిషి చేతులు కూడా అలాగే చూసింది. ఎవరో స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టారు. ఇంకెవరో కప్పుతో నీళ్ళిచ్చారు, గటగటా తాగేశాను. ఆడవాళ్ళు ఖాళీ బకెట్లు తీసుకుని ఏవో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా నా వైపు ఉరిమి చూడలేదు. అరవై ఇళ్ళ నీళ్ళు ఆపేసినవాడికి స్టూలు వేయడం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం ఇంకా అన్యాయం. నేను ఉంటున్న బడి పక్క గదికి మొక్కజొన్న సంకటీ కోడికూరా వచ్చాయి. నా పళ్ళెంలో ప్రత్యేకంగా కందనకాయ పెట్టారు. అది ఇంటిపెద్దకి గానీ గొప్ప అతిథికి గానీ పెడతారని మాస్టారు చెప్పారు.

"ఇవాళ నేను చేసిన పనికా?" అన్నాను.

"కోడిని నిన్ననే అనుకున్నారు, పంపు బాగైన సంబరానికి. పంపు బాగవలేదు, అందులో కోడి తప్పేముంది?" అన్నారాయన చాలా మామూలుగా.

నవ్వాలో ఏడవాలో తెలియక కందనకాయ నమిలాను. బాగుంది.

మర్నాడు మాస్టారు పట్నంలో ఉన్న సంస్థ ఆఫీసుకి ఫోను చేశారు. ఊళ్ళో సిగ్నలు ఒక పెద్ద చెదల పుట్ట మీద ఎక్కి నిలబడితేనే వస్తుంది. పడిపోయిన పైపుల్ని పట్టి లాగే పనిముట్టు తెప్పించడానికి మూడు వారాలు పడుతుందని చెప్పారు. నాకు మిగిలింది ఎనిమిది రోజులు. ఆ పుట్ట మీదే నిలబడి బావకి ఫోను చేశాను.

"ఏటి బావా, గొంతు అలాగున్నాది? పులేటైనా ఎదురైందేటి?"

జరిగింది చెప్పాను.

"క్లాంపు ఎయ్యనేదా?"

"నేదు బావా. మన పద్ధతే..."

"మన పద్ధతేటి! ఇటుపక్క నానుండబట్టి కదా ఇన్నేల్లూ ఆగినాయవి. నువ్వొక్కడివే పట్టుకున్నాననుకున్నావేటి? పైపుని ముట్టుకుని సూసీవోడ్ని, తుప్పుంటే గోనెగుడ్డ సుట్టీవోడ్ని. నువ్వు జనాన్ని సూసీవోడివి. పరాయి దేసమెల్లి పరువు తీసినావు కదా!"

ఆ తిట్లు వింటుంటే నా ప్రాణం లేచొచ్చింది. ఆయన చెప్పింది నిజం కూడా. గోనెగుడ్డ ఎందుకని ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఆరా తియ్యలేదు. ఆయనకి చేతులకి నొప్పేమో అనుకునేవాణ్ణి. తిట్టి తిట్టి అలిసిపోయాక బావ అసలు మాట చెప్పాడు.

"మన వరి మడుల్లో సేపలకి బుట్ట పెడతాం కదా. దూరీటప్పుడు దారిస్తాది, తిరిగి రానివ్వదు. అలాటిదే ఇనప్పది సేయించు. పైపు మూతిమీద దించితే లోపల పుల్లలు సాకెట్టు కింద పడి పట్టుకుంటాయి. తొందరపడకు. బరువు సేతికి తెలిసీదాకా లాగకు."

పుట్ట దిగి, నేల మీద పుల్లతో ఆ బుట్ట బొమ్మ గీశాను. నా బొమ్మ చూసి మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ మాత్రం ఒక్క చూపు చూసి ఇంటికి పరిగెత్తి, సన్నటి కర్రలతో అల్లిన బుట్ట ఒకటి పట్టుకొచ్చింది. వానల్లో ఆ ఊరి ఆడవాళ్ళు చేపలు పట్టే బుట్ట. అచ్చం మాదే. మూతి దగ్గర పుల్లలు లోపలికి వంగి ఉండటం కూడా అలాగే ఉంది. మేమిద్దరం ఆ బుట్టని చెరోవైపు పట్టుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం. దాన్ని పక్క ఊరి కమ్మరి దగ్గరకి తీసుకెళ్ళాలని నిర్ణయమైంది.

మూడోరోజు చల్లపూటే బయలుదేరుదామని మాస్టారూ నేనూ తెల్లారకముందే లేచాం. అప్పటిదాకా నా గది ముందు రోజూ పొద్దునా సాయంత్రం ఒక పెద్ద బకెట్టు వేడినీళ్ళు ఉండేవి. మాది ఉక్కపోత ప్రాంతం, రెండు పూటలా ఒంటి మీద నీళ్ళు పడకపోతే అన్నం సహించదు. హాయిగా పోసుకునేవాణ్ణి. మిగిలిన నీళ్ళతో బట్టలు ఉతికేవాణ్ణి. పైపులు పడిన రోజు ఒళ్ళంతా తుప్పు అంటుకుందని ఇంకో బకెట్టు అడిగి మరీ పోసుకున్నాను. బడి వెనక ఒక సిమెంటు ట్యాంకు ఉంది, నీళ్ళు అందులోవే అనుకున్నాను. అది వాననీళ్ళ ట్యాంకనీ, ఎండిపోయి నెలలైందనీ ఎవరూ చెప్పలేదు, నేనూ మూత తీసి చూడలేదు.

ఊరు దాటేసరికి ఎదురుగా ఆడవాళ్ళ వరస వస్తోంది. తలల మీద బకెట్లు, బిందెలు. ఎండిపోయిన ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు కప్పుతో తోడుకుని వస్తున్నారు. వెళ్ళడానికి గంట, రావడానికి గంట, చెలమ ఊరేదాకా కూర్చోవడం వేరే. వరసలో మూడో మనిషి ఆవిడే. ఆవిడ తల మీద ఉన్నది పిడికి ఎర్రగుడ్డ చుట్టిన నీలం బకెట్టు. పొద్దునా సాయంత్రం నా గుమ్మంలో ఉండేది అదే.

"ఆ నీళ్ళు నాకా?" అని మాస్టారిని అడిగాను.

"వంతులు వేసుకున్నారు. ఇవాళ ఆవిడది" అన్నారు.

సిగ్గేసింది. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. నేను ఆపేసిన నీళ్ళని వాళ్ళు రెండు గంటలు నడిచి తెచ్చి, కట్టెలు పెట్టి కాచి, నా ఒంటి మీద పోశారు. నేను మిగిలినదాంతో బనియన్లు జాడించాను. అక్కడే రోడ్డు మీద కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ ఆగి, ఒంటికి బాగాలేదా అని అడిగింది.

ఇకనుంచి నాకు నీళ్ళు తేవద్దని చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. నా మీద ఆవిడకి కోపం రావడం అదొక్కసారే.

"నువ్వు దుమ్ముకొట్టుకుని పక్కూరు ఎల్తే ఆల్లేటనుకుంటారు? ఇంటికొచ్చిన మనిసికి నీల్లు పొయ్యనేదని మమ్మల్నంటారు. పైపులు పడిపోనాయని మా మర్యాద కూడా బోరులో ఒగ్గీమంటావేటి?"

పూటకి ఒక చెంబెడు చాలని చివరికి రాజీపడ్డాం. ఆ చెంబెడు కూడా నేనే తెచ్చుకుంటానని మనసులో అనుకున్నాను.

తల మీద మోయడం నాకు రాదు. మర్నాడు ఒక పచ్చి కర్ర చీల్చి, తాళ్ళతో ఉట్లు కట్టి, రెండు ప్లాస్టిక్ డబ్బాలు తగిలించి కావిడి తయారుచేశాను. ఏటికి వెళ్ళే వరసలో చివర నిలబడ్డాను. ఆ వైపు మగవాళ్ళు నీళ్ళు మోయరు, ఇలా భుజం మీద రెండు వైపులా వేలాడదీసుకున్నవాణ్ణి వాళ్ళెప్పుడూ చూడలేదు. వెళ్ళేటప్పుడు ముసిముసిగా నవ్వారు. వచ్చేటప్పుడు బాహాటంగా నవ్వారు. కావిడి నడక వేరు, బద్ద ఊగినప్పుడల్లా అడుగు దానితో పాటు పడాలి. నేను కావిడి దించి నలభై ఏళ్ళైంది. ఊరు చేరేసరికి సగం నీళ్ళు నా పంచె మీద, సగం రోడ్డు మీద ఉన్నాయి. ఒకామె నవ్వలేక బకెట్టు దించి కూర్చుండిపోయింది. పంపు ఆవిడ కావిడి నా భుజం మీంచి లాక్కుని, పది అడుగులు తూలి, పదకొండో అడుగునుంచి మా ఊరి కోడళ్ళలా నడిచేసింది. రెండు రోజుల్లో ఊళ్ళో నాలుగు కావిళ్ళు తయారయ్యాయి. ఆ నాలుగింటిలో రెండు మగవాళ్ళ భుజాల మీదే కనిపించాయి. తల మీద మోస్తే పరువు తక్కువ అనుకునేవాళ్ళకి భుజం మీద అభ్యంతరం లేకపోయింది.

ఈలోగా కమ్మరి పని మొదలుపెట్టాడు. పాత లారీ స్ప్రింగు ముక్కలతో ఇనుప బుట్ట చేశాడు. లోపల నాలుగు నాలుకలు, పైన మోకు కట్టడానికి కడియం. ఆరోరోజు పొద్దున దాన్ని పట్టుకుని కమ్మరి వచ్చాడు, ఊరంతా మళ్ళీ పంపు దగ్గర చేరింది. ఈసారి నేను జనం వైపు చూడలేదు. ఇది తప్పితే వానలదాకా ఆ ఆడవాళ్ళు ఏటికి నడవాలి, నేను విమానమెక్కి వెళ్ళిపోతాను.

ఆవిడ క్లాంపు పట్టుకుని బోరు పక్కన కూర్చుంది.

"ఇయాల మీ నరసన్నపేట పద్ధతి ఒద్దు, సిన్నాన్నా."

"వద్దమ్మా. ఇవాళ మేస్త్రీవి నువ్వు, నేను కూలీని" అన్నాను. మాట వరసకి అనలేదు. నిజంగానే మోకు దగ్గరకి వెళ్ళి మిగతావాళ్ళతో నిలబడ్డాను.

మొదటిసారి బుట్ట ఖాళీగా వచ్చింది. రెండోసారి పట్టింది, రెండు మూరలు లేచింది, వదిలేసింది. అడుగునుంచి ఆ దెబ్బ మళ్ళీ వినిపించింది. నాలుకలు కొంచెం లోపలికి వంచమని కమ్మరికి ఆవిడే చెప్పింది, రాయి మీద పెట్టి వంచాడు. మూడోసారి దించాం. పట్టినట్టనిపించింది. నేను లాగబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. మోకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, బరువు తెలిసేదాకా అలా ఉంది. బావ చెప్పిన మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తర్వాత చెయ్యి కిందకి దించింది.

ఇరవైమందిమి లాగాం. వాళ్ళేదో పాట అందుకున్నారు, నేను నా తెలుగులో హైలెస్సా అన్నాను, రెండూ కలిసిపోయాయి. బోరు మూతి దగ్గర తుప్పు పట్టిన సాకెట్టు కనిపించగానే ఆవిడ క్లాంపు వేసి బిగించింది. దాని మీద కూర్చుంది కూడా. అప్పుడు మోకు వదలమంది.

పది పైపులూ ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కోదానికీ క్లాంపు బిగించి విప్పుతూ. మధ్యాహ్నం దాటింది. ఏ ఒక్కరికీ తొందర లేదు, నాకు అసలే లేదు. పన్నెండింటిలో బాగా తుప్పు తిన్న రెండిటిని పక్కన పడేసి, కొత్త వాషర్లు వేసి, పది పైపులతోనే దించాం. నీళ్ళు పైనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆవిడ హ్యాండిలు కొట్టింది. ముందు ఎర్రటి తుప్పునీళ్ళు వచ్చాయి, తర్వాత మట్టినీళ్ళు, తర్వాత తేటగా, ధారగా, మూడు నెలల్లో రానంత జోరుగా వచ్చాయి. ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ కూతలు పెట్టారు. ఎవరో నా నెత్తిన బకెట్టెడు నీళ్ళు కుమ్మరించారు. ఆ తర్వాత ఎవరి నెత్తిన ఎవరు పోశారో తెలియదు. మాస్టారి కళ్ళజోడు బురదలో దొరికింది.

మిగిలిన నాలుగు రోజులూ పని నేర్పించాను. నిజానికి నేర్పించింది ఆవిడ, నేను పక్కన ఉన్నాను. పదోరోజు నన్ను తీసుకెళ్ళడానికి జీపు వచ్చింది. సంచి నిండా ఉడకబెట్టి ఎండబెట్టిన వేరుశనగకాయలు పెట్టారు, ఒక బతికున్న కోడిని కూడా ఇవ్వబోతే విమానంలో ఎక్కనివ్వరని బతిమాలుకున్నాను.

బయలుదేరబోతుంటే ఆవిడ ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుబుక్కు ఒకటి తెచ్చింది. పంపు పెట్టిన రోజునుంచి దానికి వచ్చిన ప్రతి జబ్బూ అందులో ఉందట. ఏం పాడైంది, ఎందువల్ల, ఎవరివల్ల, ఎలా బాగైంది అని గీతలు గీసి గడులు. ఆవిడ చెబితే మాస్టారు రాస్తారు. నా పని గురించి కొత్తగా రాసింది చదివి వినిపించారు: తుప్పు వల్ల పైపులు బోరులో పడ్డాయి, బయటికి తీశాం.

"అది తప్పు" అన్నాను. "తుప్పు ముందునుంచీ ఉంది. క్లాంపు వెయ్యకుండా లాగాను కాబట్టి పడ్డాయి. అలాగే రాయండి. రేపు నాలాంటివాడు ఇంకొకడు వస్తే వాడికి తెలియాలి."

మాస్టారు ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఆలోచించి తల ఊపింది. ఆయన పాతది కొట్టేసి, క్లాంపు వెయ్యకుండా లాగడం వల్ల పడ్డాయి అని రాశారు. తర్వాత ఎవరివల్ల అన్న గడి దగ్గర కలం ఆగింది. నేను నా పేరు చెప్పాను. అక్షరం అక్షరం విడదీసి మళ్ళీ చెప్పాను.

ఆవిడ ఆ గడి మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"రేపు మా మనవలు ఇది సదువుతారు. అంత దూరంనుంచి వొచ్చిన మనిసి మా నీల్లు ఆపీసినాడని ఆల్లు సదవకూడదు. కాలీగా ఒగ్గీ, మాస్టారూ."

నేను ఎంత చెప్పినా ఆ చెయ్యి తియ్యలేదు. జీపువాడు హారను కొట్టాడు. మాస్టారు పుస్తకం మూసేశారు.

ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉండి ఉంటుంది. వాళ్ళు అక్కడ రాయనివ్వలేదు కాబట్టి, పిల్లలూ, మీరు చదివే చోట రాస్తున్నాను. ఆ రోజు క్లాంపు వెయ్యకుండా లాగింది నేనే.